ట్రక్కు డ్రైవరు గంటల లెక్క: హైదరాబాద్ నైట్ షిఫ్ట్ డిస్పాచర్ల కోసం

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు రాత్రి షిఫ్టుల్లో కూర్చుని అమెరికా ట్రక్కులకు లోడ్లు చూసే ఉద్యోగంలో చేరినవారికి ముందుగా రేటు బేరమాడటం, బ్రోకరుతో మాట్లాడటం, లోడ్ బోర్డు, అంటే రవాణాకు సిద్ధంగా ఉన్న సరుకుల జాబితా, వెతకడం నేర్పుతారు. డ్రైవరు పని గంటల నిబంధనల విషయానికి వచ్చేసరికి "11, 14, 70" అని మూడు అంకెలు చెప్పి వదిలేయడం మామూలు. ఆ అంకెలు కంఠస్థమైనవారు కూడా, డ్రైవరు మధ్యలో మూడు గంటలు పడుకుని లేచాడనగానే ఇక ఆయన ఎప్పటివరకు బండి నడపవచ్చో చెప్పలేక తెర మీది అంకెను చదివి ఊరుకుంటారు. ఆ లెక్కను తెర చూడకుండా కాగితం మీద వేసుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. నా ఉద్దేశంలో డ్రైవరుకు ఎన్ని గంటలు మిగిలాయన్నది రెండో ప్రశ్న. ఆయన చివరి విశ్రాంతి ఏ సమయానికి ముగిసింది, అది ఏ రకమైన విశ్రాంతి అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే మిగిలినదంతా కూడికలు, తీసివేతలే.

ఈ నిబంధనలు అమెరికా రవాణా శాఖ కింద పనిచేసే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ అనే సంస్థవి. అక్కడి ఫెడరల్ నిబంధనల సంపుటంలో 49వ టైటిల్, 395వ భాగంలో ఇవి ఉంటాయి. ఇప్పుడు మనం వాడే రూపం 2020 సెప్టెంబర్ 29న అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికే వివరణల్లో చాలా వరకు అంతకు ముందువి కాబట్టి, స్లీపర్‌లో, అంటే ట్రక్కు క్యాబిన్‌లో ఉండే పడకలో, కనీసం 8 గంటలు ఉండాలని గానీ, చిన్న విశ్రాంతి 14 గంటల్లో కలిసిపోతుందని గానీ ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీని పక్కన పెట్టేయండి. కింద చెప్పేదంతా సరుకు రవాణా వాహనాల గురించి మాత్రమే. ప్రయాణికుల బస్సులకు వేరే పరిమితులున్నాయి.

లాగ్‌లో నాలుగు వరుసలు

డ్రైవరు రోజులోని ప్రతి నిమిషమూ నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో నమోదవుతుంది: ఆఫ్ డ్యూటీ, స్లీపర్ బెర్త్, డ్రైవింగ్, ఆన్ డ్యూటీ. నాలుగోది బండి నడపకుండా చేసే పని, అంటే బండి తనిఖీ, డీజిల్ పోయించడం, లోడింగ్ దగ్గరుండి చూసుకోవడం, కాగితాలు రాయించుకోవడం. ట్రక్కులో ఈ లాగ్‌ను నమోదు చేసే ఈఎల్‌డీ అనే ఎలక్ట్రానిక్ పరికరం ఇంజినుకు అనుసంధానమై ఉంటుంది. బండి గంటకు 5 మైళ్ల వేగం చేరేసరికి దానంతటదే డ్రైవింగ్ స్థితిలోకి మారుతుంది. బండి ఆగి 5 నిమిషాలు గడిస్తే ఇంకా నడుపుతున్నారా అని డ్రైవరును అడుగుతుంది, ఒక నిమిషంలోగా జవాబు రాకపోతే ఆన్ డ్యూటీకి మార్చేస్తుంది. గోదాములో సరుకు ఎక్కించి దించే డాక్ దగ్గర బండి ఆపి నిద్రపోయిన డ్రైవరు లాగ్‌లో మూడు గంటల ఆన్ డ్యూటీ కనిపించడానికి మామూలు కారణం ఇదే. స్థితి మార్చడం మరిచిపోయాడన్న మాట. మీరు లోడ్ వేసేముందు ఆ వరుసను ఒకసారి చూసి, ఆ సమయంలో నిజంగా ఏం చేస్తున్నారని ఆయననే అడగడం మంచిది. విశ్రాంతిలోనే ఉండి ఉంటే సరైన వివరణతో ఆయనే దాన్ని సరిదిద్దుకోవచ్చు. పరికరం తానుగా నమోదు చేసిన డ్రైవింగ్ సమయాన్ని మాత్రం తగ్గించే వీలు లేదు.

పదకొండూ పద్నాలుగూ ఒకటి కావు

వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్న డ్రైవరు ఆ తరువాత మొత్తం 11 గంటలు బండి నడపవచ్చు. అయితే ఆ 11 గంటలూ, ఆయన పని మొదలుపెట్టిన క్షణం నుంచి 14 గంటలలోపే పూర్తికావాలి. ఈ 14 గంటల విండో ఆటో మీటరులో వెయిటింగ్ లాంటిది. బండి కదలకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. డ్రైవరు భోజనానికి ఆగినా, టైరు పంక్చరైనా, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ కోసం నిరీక్షించినా విండో తరుగుతుంది. 14 గంటలు నిండిన తరువాత ఆయన పని చేయడానికి అభ్యంతరం లేదు, కాగితాలు రాసుకోవచ్చు, సరుకు దించవచ్చు. బండి నడపడం మాత్రమే నిషేధం. కొత్తవారు ఈ తేడా గమనించక, ఇంకా 4 గంటల డ్రైవింగ్ మిగిలి ఉంది కదా అని విండో ముగియబోతున్న డ్రైవరుకు లోడ్ వేస్తారు.

మన దేశపు చట్టంతో పరిచయమున్నవారికి ఇది వింతగా తోచవచ్చు. 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంటూ మొత్తం పనికి సాధారణ పరిమితి పెట్టింది. అమెరికా నిబంధన నడిపే సమయాన్ని ఒక లెక్కగానూ, రోజు నిడివిని మరో లెక్కగానూ విడదీసింది. కాబట్టి మీ కాగితం మీద కూడా రెండు నిలువు వరుసలు వేరుగా ఉండాలి.

మూడో పరిమితి విరామం. మొత్తం 8 గంటల డ్రైవింగ్ పూర్తయ్యేలోగా కనీసం 30 నిమిషాలు వరుసగా డ్రైవింగ్ ఆపాలి. 2020 మార్పు తరువాత ఆ అరగంట ఆఫ్ డ్యూటీయే కానక్కరలేదు. ఆన్ డ్యూటీలో ఉండి డీజిల్ పోయించుకున్న అరగంట కూడా సరిపోతుంది. దీనితో ఆచరణలో ఇబ్బంది తక్కువ.

నాలుగోది వారపు పరిమితి. వారంలో ప్రతిరోజూ బండ్లు నడిపే సంస్థ డ్రైవరుకు ఏ 8 వరుస రోజుల్లోనైనా ఆన్ డ్యూటీ, డ్రైవింగ్ కలిపి 70 గంటలు నిండితే ఆపై నడపకూడదు. ప్రతిరోజూ నడపని సంస్థ అయితే 7 రోజుల్లో 60 గంటలు. అర్ధరాత్రి దాటగానే ఎనిమిది రోజుల వెనకటి గంటలు లెక్కలోంచి జారిపోతాయి, అందుకే అమెరికాలో అర్ధరాత్రి దాటాక కొందరు డ్రైవర్లకు హఠాత్తుగా పది, పదకొండు గంటలు తిరిగి వస్తాయి. వాటినే రీక్యాప్ గంటలంటారు. వరుసగా 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే మొత్తం లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. విశ్రాంతిని రెండు భాగాలు చేసే స్లీపర్ స్ప్లిట్ (కింద వివరిస్తాను) చేసినంత మాత్రాన ఈ 70 గంటల లెక్క తగ్గదు. దీన్ని మరిచి శుక్రవారం లోడ్ ఒప్పుకున్న డిస్పాచరుకు శనివారం రాత్రి డ్రైవరు నుంచి వచ్చే ఫోను ఆహ్లాదంగా ఉండదు.

స్లీపర్ బెర్త్ స్ప్లిట్

పది గంటల విశ్రాంతిని ఒకేసారి తీసుకోకుండా రెండు భాగాలుగా చేసుకునే వెసులుబాటు స్లీపర్ బెర్త్ ఉన్న ట్రక్కు డ్రైవరుకు ఉంది. ఒక భాగం కనీసం 7 గంటలు ఉండాలి, అది అంతరాయం లేకుండా స్లీపర్ బెర్త్‌లోనే గడవాలి. రెండో భాగం కనీసం 2 గంటలు ఉండాలి, అది స్లీపర్‌లో కావచ్చు, ఆఫ్ డ్యూటీలో కావచ్చు, రెండూ కలిసి వరుసగా ఉండవచ్చు. రెండు భాగాలూ కలిపితే 10 గంటలకు తగ్గకూడదు. కనుక 7కు 3, 8కి 2, ఏడున్నరకు రెండున్నర చెల్లుతాయి. 7కు 2 చెల్లదు, మొత్తం 9 గంటలే అవుతుంది కాబట్టి. 6కు 4, 5కు 5 చెల్లవు, పెద్ద భాగం ఏడుకు తగ్గింది కాబట్టి. ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు లేదు.

ఇలా జతపడిన రెండు విశ్రాంతులూ 14 గంటల విండోలోకి లెక్కకు రావు. రోజూ తిరిగే ఆ మీటరును మధ్యలో ఆపగలిగే సాధనం ఇదొక్కటే, డిస్పాచర్లు దీన్ని శ్రద్ధగా నేర్చుకోవలసింది అందుకే.

లెక్క వేసే పద్ధతిలో సూత్రం ఒకటే: జత పూర్తయిన తరువాత, ఆ జతలోని మొదటి విశ్రాంతి ముగిసిన క్షణానికి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ లెక్కపెట్టాలి. ఒక ఉదాహరణ మొత్తం చూద్దాం. వేసవి కాలం, డ్రైవరు హోమ్ టెర్మినల్, అంటే ఆయన పనికి హాజరయ్యే సంస్థ స్థావరం, షికాగో, అన్ని సమయాలూ అక్కడి సెంట్రల్ టైము ప్రకారం.

పది గంటల విశ్రాంతి ముగించి డ్రైవరు ఉదయం 6:00కు పని మొదలుపెట్టాడు. అరగంట బండి తనిఖీ. 6:30 నుంచి 11:30 దాకా 5 గంటలు నడిపి సెయింట్ లూయిస్‌లోని గోదాముకు చేరాడు. అక్కడ డాక్ ఖాళీ లేదు. బాధ్యతలేవీ లేకుండా 11:30 నుంచి 14:30 వరకు 3 గంటలు స్లీపర్‌లో పడుకున్నాడు. అరగంట ఆన్ డ్యూటీలో లోడింగ్ కాగితాలు చూసుకుని, 15:00కు బయలుదేరి 21:00 వరకు 6 గంటలు నడిపి టల్సా దగ్గర ట్రక్ స్టాప్‌లో ఆగాడు. 5, 6 కలిపి 11 గంటలు సరిగ్గా అయిపోయాయి. విండో సంగతేమిటి? 6:00 నుంచి 14 గంటలంటే 20:00కే ముగియాలి. కానీ మధ్యలోని 3 గంటలను తీసివేస్తే విండో 23:00 దాకా సాగింది, కనుక 20:00 నుంచి 21:00 వరకు నడిపిన గంట సక్రమమే. సక్రమమే గానీ, ఒక షరతు ఉంది. ఆయన ఇప్పుడు స్లీపర్‌లో కనీసం 7 గంటలు ఉండితీరాలి. 3 గంటల నిద్ర ఇంకా జత దొరకని విశ్రాంతి, దాని చెల్లుబాటు రాబోయే విశ్రాంతి మీద ఆధారపడి ఉంది. ఆరు గంటలకే లేపి నడపమంటే, నిన్న 20:00 తరువాత నడిపిన గంట కూడా వెనక్కి తిరిగి ఉల్లంఘన అవుతుంది.

మన గడియారంలో ఈ 20:00 అంటే ఉదయం 6:30, షిఫ్టు మారే వేళ. ఆయన స్లీపర్‌లోకి వెళ్లే 21:00 అంటే 7:30, అప్పటికి రాత్రంతా ఆ లోడ్ చూసిన మనిషి క్యాబ్‌లో మియాపూర్ దారిలో ఉంటాడు.

డ్రైవరు 21:00 నుంచి తెల్లవారి 4:00 దాకా స్లీపర్‌లో ఉన్నాడు. 3కు 7, మొత్తం 10, జత పూర్తయింది. ఇప్పుడు కొత్తగా 11 గంటలు వచ్చాయనుకోవడమే అందరూ తొక్కే గుంట. సూత్రం ప్రకారం మొదటి విశ్రాంతి ముగిసిన 14:30కు వెళ్లండి. అక్కడి నుంచి నడిపింది 6 గంటలు, కాబట్టి డ్రైవింగ్ 5 గంటలు మిగిలింది. విండోలో 14:30 నుంచి 21:00 దాకా ఆరున్నర గంటలు పోయాయి, ఏడు గంటల నిద్ర లెక్కలోకి రాదు, కాబట్టి ఏడున్నర గంటలు మిగిలాయి, అంటే 4:00 నుంచి 11:30 వరకు. 4:30 దాకా తనిఖీ ముగించి, నాలుగున్నర గంటలు నడిపి 9:00కు డాలస్ చేరవచ్చు.

డాలస్‌లో సరుకు దించడానికి మూడు గంటలు పట్టిందనుకుందాం. గోదామువారే దించుకుంటున్నారు, డ్రైవరు పనేమీ లేదు, 12:00 వరకు స్లీపర్‌లో ఉన్నాడు. ఇప్పుడు కొత్త జత ఏర్పడింది: రాత్రి 7 గంటలు, పగటి 3 గంటలు. ఈ జతలో మొదటిది తెల్లవారి 4:00కు ముగిసింది. అక్కడి నుంచి నడిపింది నాలుగున్నర, కాబట్టి ఆరున్నర గంటలు మిగిలాయి. విండోలో 4:00 నుంచి 9:00 దాకా 5 గంటలు పోయాయి, 9 గంటలు మిగిలాయి, 21:00 వరకు. ఉదయం అర్ధగంట డ్రైవింగ్ మాత్రమే మిగిలిన మనిషికి మధ్యాహ్నానికి మళ్లీ ఆరున్నర గంటలు వచ్చాయి, అదీ డాక్ దగ్గర ఎటూ పోవలసిన సమయాన్ని వాడుకుని. ఏ విశ్రాంతినైనా ఇలా ముందుదానితో ఒకసారి, వెనుకదానితో ఒకసారి జతపరచవచ్చు. 10 గంటలు వరుసగా విశ్రాంతి దొరికిన రోజున ఈ గొలుసు తెగి, అన్నీ మొదటికొస్తాయి.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. పై ఉదాహరణలో డ్రైవరు 21:00కు ఇల్లు చేరి, స్లీపర్‌కు బదులు ఇంట్లో 10 గంటలు నిద్రపోయాడనుకోండి. మరునాటికి ఆయనకు పూర్తి గంటలు వస్తాయి, అందులో సందేహం లేదు. కానీ నిన్నటి 3 గంటల నిద్రకు స్లీపర్‌లోని 7 గంటల జత దొరకలేదు, కాబట్టి 20:00 తరువాత నడిపిన గంట ఉల్లంఘనగానే మిగిలిపోతుంది. మోటెల్ గదికీ ఇదే వర్తిస్తుంది. మెత్తటి మంచమైనా అది ఆఫ్ డ్యూటీయే, స్లీపర్ బెర్త్ కాదు. స్లీపర్ అంటే 1975 సెప్టెంబర్ తరువాత అమర్చినదైతే కనీసం 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, పరుపు మీద 24 అంగుళాల ఎత్తు ఉండాలని కొలతలే ఉన్నాయి. వెనుక పడక లేని డే క్యాబ్ డ్రైవరు సీటు వాల్చుకుని పడుకుంటే స్ప్లిట్‌కు పనికిరాదు. డ్రైవరును తీసుకునేటప్పుడే ట్రక్కు ఏ రకమో రాసి పెట్టుకోండి.

డాక్ దగ్గరి నిరీక్షణను ఆఫ్ డ్యూటీగా గానీ స్లీపర్‌గా గానీ చూపించాలంటే డ్రైవరుకు నిజంగా విముక్తి ఉండాలి. పది నిమిషాలకోసారి బండి ముందుకు జరపమని గోదామువారు పిలుస్తుంటే ఆ విశ్రాంతి ముక్కలైపోతుంది. అటువంటి చోట అపాయింట్‌మెంట్ ఇచ్చే ముందే సరుకు అందుకునే రిసీవరును పార్కింగ్ లోపల దొరుకుతుందా, దించడం ఎవరి పని అని అడిగి తెలుసుకోవడం డిస్పాచరు చేయగల మంచి పనుల్లో ఒకటి.

ఇద్దరు డ్రైవర్ల టీమ్‌లో ఒకరు నడుపుతుండగా రెండోవారు కదిలే బండి స్లీపర్‌లో విశ్రాంతి తీసుకోవచ్చు. ఎవరి లెక్క వారిదే. స్లీపర్‌లో 7 గంటలకు వెంటనే ముందు గానీ తరువాత గానీ, పక్క సీటులో కూర్చున్న సమయంలో 3 గంటల వరకు ఆఫ్ డ్యూటీగా చెల్లుతుంది.

మినహాయింపుల పేరుతో జరిగే పొరపాట్లు

బయలుదేరే ముందు తెలియని, తెలిసే అవకాశం లేని మంచు, పొగమంచు, ప్రమాదం వల్ల మూసిన రహదారి వంటివి ఎదురైతే డ్రైవింగుకూ విండోకూ రెంటికీ 2 గంటల వరకు పొడిగింపు ఉంది. సాయంత్రం పూట షికాగోలో ఉండే ట్రాఫిక్ ఇందులోకి రాదు, అది రోజూ ఉండేదే. నిన్నటి నుంచి వాతావరణ హెచ్చరిక ఉన్న తుఫాను కూడా రాదు. లోడింగ్ ఆలస్యం అసలే రాదు.

పర్సనల్ కన్వేయన్స్ అంటే ఆఫ్ డ్యూటీలో సొంత అవసరానికి ట్రక్కును నడపడం. రిసీవరు దగ్గర గంటలు అయిపోయి, లోపల ఉండనివ్వకపోతే దగ్గరలోని సురక్షితమైన చోటుకు వెళ్లడానికి దీన్ని వాడుకోవచ్చు. దారిలో తగిన ట్రక్ స్టాప్ ఉండగా దాన్ని దాటి, రేపటి లోడ్‌కు దగ్గరవుతుందని ఇంకా ముందుకు పోవడం మాత్రం సొంత అవసరం కాదు, సంస్థ పని. ఈ సలహా ఫోనులో ఇచ్చేది చాలాసార్లు డిస్పాచరే కావడం విచారకరం.

లాగ్‌లో మార్పు చేసి పెట్టమని మిమ్మల్ని అడగవచ్చు. కార్యాలయం మార్పు సూచించగలదు, కానీ డ్రైవరు అంగీకరించి ధ్రువీకరిస్తేనే అది నిలుస్తుంది, పాత నమోదు కూడా చెరిగిపోదు. గంటలు లేవని డ్రైవరు చెప్పిన తరువాత లోడ్ పోతుందనో, వచ్చే వారం పని ఇవ్వమనో బెదిరించి నడిపించడం బలవంతం కిందికి వస్తుంది. దాన్ని నిషేధిస్తూ 2016 నుంచి ప్రత్యేక నిబంధనే ఉంది. మీరు హైదరాబాద్‌లో కూర్చున్నారన్నది ఇందులో రక్షణ కాదు, ఎందుకంటే మీరు మాట్లాడుతున్నది ఆ సంస్థ తరఫున. అలసిపోయానన్న డ్రైవరుకు 5 గంటలు మిగిలి ఉన్నా సరే, ఆ మాటతో లెక్క ముగిసినట్టే.

కెనడాలోకి వెళ్లే లోడైతే సరిహద్దు దాటగానే వేరే అంకెలు. దక్షిణ ప్రాంతాల్లో 13 గంటల డ్రైవింగ్, 14 గంటల ఆన్ డ్యూటీ, 16 గంటల విండో. ఆ లోడ్లు కొత్తలో ఒప్పుకోకండి.

సమయ మండలాలు, హ్యాండోవర్

డ్రైవరు ఎక్కడ తిరుగుతున్నా లాగ్ ఆయన హోమ్ టెర్మినల్ సమయంలోనే నడుస్తుంది. షికాగో డ్రైవరుకు లాస్ ఏంజిలస్‌లో ఉదయం 6:00 అపాయింట్‌మెంట్ అంటే లాగ్‌లో 8:00. మనకు ఆ షికాగో సమయం వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి. మనవి మారవు. కనుక మనసులో మార్చుకోవడం మానేసి, కాగితం మీద లాగ్ సమయాన్నే రాయండి.

ఉదయం షిఫ్టుకు అప్పగించేటప్పుడు "5 గంటలు ఉన్నాయి" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ఇలా రాయండి: "చివరి పది గంటల విశ్రాంతి ముగిసింది 6:00. స్లీపర్ 11:30 నుంచి 14:30, జత ఇంకా కాలేదు. 21:00కు స్లీపర్‌లోకి వెళ్తాడు, 4:00కు ముందు ఫోన్ చేయవద్దు. 14:30 నుంచి నడిపింది 21:00కు 6 అవుతుంది. డెబ్బైలో మిగిలింది 22. డాలస్ 9:00, రిసీవరే దించుకుంటాడు." దీన్ని చూసి పగటి షిఫ్టు మనిషి ఎవరినీ అడగకుండా తానే లెక్క వేసుకోగలడు, డ్రైవరును నిద్రలో లేపవలసిన అవసరమూ రాదు.